దేవ్‌మాలి ఎక్కేవాళ్లు, దేవ్‌మాలి కింద ఉండేవాళ్లు

చలికాలం శని, ఆదివారాల్లో తెల్లవారుజామున సిమిలిగూడ దాటి కొండదారి పట్టే బళ్లు ఎక్కడికి పోతున్నాయో కోరాపుట్ జిల్లాలో ఎవరినీ అడగక్కర్లేదు. అన్నీ దేవ్‌మాలికే. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన కొండ అది, 1,672 మీటర్లు. ఆ బళ్లలో ఒడిశా నంబర్లు ఎన్నో, ఆంధ్ర నంబర్లూ అన్ని కనిపిస్తాయి. సూర్యోదయం, మబ్బుల సముద్రం, ఒక ఫోటో, కొండ మీద వేడి టీ. తొమ్మిది గంటలకల్లా తిరుగు ప్రయాణం.

ఈ కొండ గురించి రాయడానికి ఇప్పుడేం వచ్చిందని కొందరు అడగొచ్చు. జయపురం, సునాబెడ, దమంజోడి, రాయగడల్లో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలకు దేవ్‌మాలి విహారస్థలం మాత్రమే కాదు. దాని చుట్టూ మూడు పెద్ద వ్యవహారాలు ముడిపడి ఉన్నాయి. ఒకటి పర్యాటకం, రెండోది బాక్సైట్, మూడోది కొటియా సరిహద్దు తగువు. మూడింటిలోనూ మనవాళ్ల పేరు ఏదో ఒక రకంగా వస్తుంది. కొన్నిచోట్ల మంచిగా, కొన్నిచోట్ల కాదు. విడివిడిగా చూస్తే ఇవి అర్థం కావని మా అభిప్రాయం.

ముందు కొండ సంగతి. కోరాపుట్ ప్రాంతంలో "మాలి" అంటే పైన చదునుగా ఉండే పెద్ద కొండ. పంచపట్మాలి, కోడింగామాలి, సిజిమాలి, ఇలా ఆ పేర్లన్నీ ఒకే కుటుంబానివి. దేవ్‌మాలి అంటే దేవుడి కొండ. పాడేరు వైపున్న అర్మకొండ దీనికంటే కొద్ది మీటర్లే ఎత్తు, 1,680 అంటారు. మహారాష్ట్రలో ఉన్న మన పాఠకులకు పోలిక కావాలంటే, ఆ రాష్ట్రపు ఎత్తయిన కొండ కల్సుబాయి 1,646 మీటర్లు. దేవ్‌మాలి దానికంటే 26 మీటర్లు ఎక్కువ. అయితే కల్సుబాయి ఎక్కడానికి కాళ్లు కావాలి. దేవ్‌మాలికి ఇప్పుడు పెట్రోలుంటే చాలు. దాదాపు పైదాకా రోడ్డు పోయింది.

నడిచి ఎక్కాలనుకునేవాళ్లకు ఇప్పటికీ దారి ఉంది. రోడ్డు వదిలి కింది ఊళ్ల నుంచి డొంకదారి పట్టాలి, వెంట ఆ ఊరి మనిషి ఉండాలి. అలా వెళ్తేనే కొండ ఎలా కట్టి ఉందో తెలుస్తుంది. మొదట లోయ అడుగున సన్నటి గెడ్డ. దాని వెంట మెట్లు మెట్లుగా చిన్న చిన్న వరిమడులు. వీటిని అక్కడ "జోలా" అంటారు. వాననీటి మీద ఆధారపడే పొలాలు కావివి. పై నుంచి వచ్చే ఊటనీరు మడి నుంచి మడికి దిగుతూ ఏడాదిలో చాలా నెలలు తడి ఉంచుతుంది. ఏ ఇంజనీరూ వచ్చి గీసిచ్చింది కాదు, తరాల తరబడి పరజలు, గదబలు, కోదులు రాయి మీద రాయి పేర్చి కట్టుకున్నది. జోలా మడులు దాటితే మెట్టపొలాలు. అక్కడ చోళ్లు, సామలు. కార్తీకం వచ్చేసరికి వలిసెలు పూసి కొండవాలంతా పసుపు రంగు పులుముకుంటుంది. అరకులో టిక్కెట్టు పెట్టి చూపించే వలిసె పూల తోటలు ఇవే. ఇక్కడ మాత్రం అవి ఇంకా నూనెగింజల పంటే, ఫోటో కోసం వేసినవి కావు.

ఇంకా పైకి పోతే మామిడి, పనస, జీలుగు చెట్లు పలచబడతాయి. ఆపైన చెట్టే ఉండదు. గడ్డి, గాలి, ఎర్రటి రాయి. కింద ఊరి నుంచి చూసినవాళ్లకు ఇది బోడికొండలా కనిపిస్తుంది. అడవి నరికేశారనుకుంటారు. కింది వాలుల్లో నరికిన మాట నిజమే, పోడు కోసం కొంత, కలప కోసం అంతకంటే ఎక్కువ. కానీ పై చదును సహజంగానే గడ్డినేల. అక్కడ మట్టి పలచన, దాని కింద ఎర్రటి లాటరైట్ పొర, అందులోనే బాక్సైట్. ఆ పొర కింద ఖోండలైట్ రాయి. కొండల్లో ఉండే ఖోండుల పేరు మీదే భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతికి ఆ పేరు పెట్టారు. పూరీ జగన్నాథుడి గుడికీ, కోణార్క్‌కూ వాడింది ఈ జాతి రాయే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే తగువంతా ఈ రెండు పొరల మధ్యే ఉంది. పైనున్న లాటరైట్, బాక్సైట్ పొర నిండా సన్న సన్న రంధ్రాలు. వాన కురిస్తే నీరు అందులోకి ఇంకుతుంది. దాని అడుగున రాయి చివికి బంకమట్టిలా మారిన పొర ఆ నీటిని కిందికి పోనివ్వదు. దాంతో నీరు పక్కకు జారి, కొండ భుజం మీద ఎక్కడ సందు దొరికితే అక్కడ ఊటగా బయటికొస్తుంది. వానలు పోయిన ఆరు నెలలకు కూడా ఆ ఊటలు కారుతూనే ఉంటాయి. జోలా మడులకు తడి అక్కడిదే. ఊళ్లో తాగునీరూ అక్కడిదే. మే నెలలో కింది మైదానంలో బోర్లు ఎండిపోయినప్పుడు కూడా ఈ కొండల చుట్టూ గెడ్డల్లో నీళ్లు కనబడటానికి కారణం ఇది. మన పెద్దవాళ్లు కొండ నీళ్లు దాచుకుంటుంది అంటారు. భూగర్భ శాస్త్రం ఇంచుమించు అదే చెబుతోంది, మాటలే వేరు.

ఆ నీరు ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. పొట్టంగి వైపు సింకారం కొండల్లో కొలాబు నది పుడుతుంది. కోరాపుట్ దగ్గర అప్పర్ కొలాబు జలాశయంలో ఆగి, జయపురం వైపు పొలాలు తడిపి, పేరు మార్చుకుని శబరిగా కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి ధవళేశ్వరం, ఆపైన గౌతమి పాయ, చివర యానాం. యానాంలో ఉన్న మన పాఠకులు రేవులో చూసే నీటిలో కొంత ఈ కొండల మీద కురిసిందే. తూర్పు వైపు సంగతి ఇంకొకటి. సాలూరు వేగవతి ఒడ్డున ఉన్న ఊరు. ఆ వేగవతి, సువర్ణముఖి, నాగావళి మూడూ సంగం దగ్గర కలిసి శ్రీకాకుళం మీదుగా సముద్రానికి పోతాయి. ఈ కొండల వరసకు అటు పడ్డ చినుకు గోదావరికి, ఇటు పడ్డ చినుకు నాగావళికి. కాబట్టి ఇది ఒడిశా వాళ్ల కొండ, మనకేం అనడానికి వీల్లేదు.

ఇప్పుడు బాక్సైట్. దేశంలో ఉన్న బాక్సైట్ నిల్వల్లో అన్నిటికంటే పెద్ద వాటా ఒడిశాది, అందులో ఎక్కువ భాగం కోరాపుట్, రాయగడ, కలహండి కొండల మీద. నాల్కో 1981లో ఏర్పడింది. పంచపట్మాలి మీద తవ్విన ఖనిజం 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద దమంజోడి రిఫైనరీకి దిగుతుంది. ఆ కర్మాగారం, దానికి ముందు 1964లో సునాబెడలో వచ్చిన హెచ్.ఎ.ఎల్. ఇంజన్ల కర్మాగారం, ఈ రెండూ ఈ ప్రాంతంలో తెలుగు కుటుంబాల సంఖ్యను పెంచాయి. ఇది దాచాల్సిన విషయం కాదు. మనలో చాలామంది ఇళ్లకు జీతం వచ్చింది ఆ కొండ నుంచే, పిల్లలు చదువుకున్నది ఆ టౌన్‌షిప్ బడుల్లోనే. అదే సమయంలో ఆ టౌన్‌షిప్ కట్టిన చోట అంతకుముందు ఊళ్లుండేవి. ఆ ఊళ్ల పిల్లలు అదే కర్మాగారంలో ఎన్నో వంతు ఉద్యోగాలు పొందారన్నది ఇప్పటికీ ధర్నాల్లో వినిపించే ప్రశ్న.

తరవాతి వరస కొండలు ఇప్పుడు చర్చలో ఉన్నాయి. సిమిలిగూడ బ్లాకులోని మాలి పర్వతం మీద హిందాల్కో గని కోసం 2021 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం అడ్డుకున్నారు. నవంబరులో పోలీసు బందోబస్తు మధ్య మళ్లీ పెట్టారు. ఆ కొండ నుంచి ముప్పైకి పైగా ఊటలు, గెడ్డలు దిగుతున్నాయని కింది ఊళ్లవాళ్ల మాట. పొట్టంగి దగ్గర సెరుబంధ కొండ నాల్కోకి. కోడింగామాలి మీద ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ ఇప్పటికే తవ్వుతోంది. రాయగడ, కలహండి సరిహద్దులోని సిజిమాలిని 2023 వేలంలో వేదాంత దక్కించుకుంది. మ్యాపు ముందు పెట్టుకుని ఈ పేర్లను గుర్తిస్తూ పోతే దేవ్‌మాలి వీటి మధ్య ఎత్తయిన గడపలా కనిపిస్తుంది. దాని మీదా బాక్సైట్ ఉంది. దాన్ని కాపాడుతున్నది ఎత్తు, పేరు, ఇప్పుడు పర్యాటకం.

అందుకే పర్యాటకాన్ని ఒక్క మాటలో కొట్టిపారేయలేం. సందర్శకులు వచ్చే కొండను తవ్వడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. రోజుకు ఇన్ని బళ్లు ఎక్కే చోట, ఇంత పేరు తెచ్చుకున్న చోట, రేపు పేలుడు పదార్థాలు పెడతామంటే అడిగేవాళ్లుంటారు. ఈ వాదన మేము చాలామంది నోట విన్నాం, అందులో బలం ఉంది. కానీ సగం బలమే. దేవ్‌మాలిని చూడటానికి వచ్చేవాళ్లు పక్కనే ఉన్న మాలి పర్వతం పేరు కూడా వినరు. ఒక కొండ బొమ్మ అయింది కాబట్టి మిగిలినవి ముడిసరుకుగా మిగిలిపోవడం ఏ లెక్కా కాదు. ఊట పర్యాటకుడి కోసం కారడం లేదు.

నియమగిరి విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గని కావాలో వద్దో గ్రామసభలు తేల్చాలంది. ఆ ఏడాదే పన్నెండు గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. ఆంధ్ర వైపు అంతకు పదహారేళ్ల ముందు, 1997లో, సమత కేసు తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు చెల్లదని. అరకు గాలికొండ, రక్తకొండ ఇప్పటికీ నిలిచి ఉన్నాయంటే ఆ తీర్పుకీ, దాని వెనక ఉద్యమానికీ వాటా ఉంది. మరి రెండు రాష్ట్రాల్లోనూ ఒకే వరస కొండలు, ఒకే అయిదో షెడ్యూలు. ఒక వైపు ఆగింది, ఇంకో వైపు సాగుతోంది. 1996 పెసా చట్టానికి ఒడిశా ముసాయిదా నియమాలు బయటపెట్టింది 2023లో. ఇరవై ఏడేళ్లు. ఇందులో వ్యాఖ్యానం అక్కర్లేదు.

కొటియా గురించి ఇక్కడే చెప్పాలి. దేవ్‌మాలి ఉన్న పొట్టంగి బ్లాకులోనే కొటియా పంచాయతీ. అందులో 21 ఊళ్లు తమవని ఒడిశా, తమవని ఆంధ్రప్రదేశ్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో పెద్ద ముక్క కోరాపుట్ జిల్లాగా విడిపోయింది. ఆ గీత గీసేటప్పుడు ఈ ఊళ్ల సంగతి సరిగ్గా తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్తే యథాతథ స్థితి ఉంచమంది కోర్టు. 2006లో ఇది తన పరిధిలో తేలేది కాదంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టడంతో తగువు మళ్లీ రాజుకుంది. ఒడిశా కోర్టు ధిక్కారం కింద మళ్లీ సుప్రీంకోర్టుకెళ్లింది. అదే ఏడాది నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులూ భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడుకున్నారు. ఊళ్లవాళ్లలో చాలామందికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. రెండు ప్రభుత్వాలూ పోటీపడి పథకాలు తెస్తుంటే వద్దనే అమాయకులు కారు వాళ్లు. ఒకాయన పొట్టంగి వెళ్తే ఒడియా, సాలూరు వెళ్తే తెలుగు, ఇంట్లో కువి. మూడు భాషలు వచ్చిన ఆ మనిషిని నిరక్షరాస్యుడు అని రాస్తాయి రెండు ప్రభుత్వాల లెక్కలూ.

ఈ తగువు వేడెక్కినప్పుడల్లా కోరాపుట్ పట్టణాల్లో ఉన్న తెలుగువాళ్ల వైపు కొన్ని చూపులు తిరుగుతాయి. మీరు ఎటు అని. దానికి జవాబు మన దగ్గర ఎప్పుడో ఉంది. మనలో చాలా కుటుంబాలు వలస వచ్చినవి కావు, సరిహద్దే వలస వచ్చింది. జయపురం సంస్థానం నాటికే ఇక్కడ తెలుగు ఉంది. ఆ సంస్థానపు విక్రమదేవ వర్మ ఒడియాలోనూ తెలుగులోనూ రాసినవాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన ఇచ్చిన విరాళంతోనే అక్కడి సైన్సు కాలేజీకి జె.వి.డి. అన్న పేరొచ్చింది. జయపురం డబ్బుతో విశాఖలో సైన్సు చదువు నిలబడిన రోజుల్లో ఎటు అని ఎవరూ అడగలేదు. సరిహద్దు ఎటు తేలినా అక్కడి ఊళ్ల మనుషులు ఒప్పుకోవాలి, నష్టపోకూడదు. మనం మాట్లాడాల్సింది అంతవరకే. రెండు ప్రభుత్వాల తరఫునా వకాల్తా పుచ్చుకోవలసిన పని మనకు లేదు.

కొటియా కొండల తూర్పు అంచున ఇంకో కొత్త ఒత్తిడి మొదలైంది. సాలూరు వైపు కురుకుట్టి, కర్రివలసల దగ్గర పంప్డ్ స్టోరేజ్ విద్యుత్ ప్రాజెక్టులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో అనుమతిచ్చింది. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. కరెంటు చవకగా ఉన్నప్పుడు నీళ్లు పైకి తోడి, గిరాకీ ఉన్నప్పుడు కిందికి వదిలి తిరిగి కరెంటు తీస్తారు. సూర్యుడు, గాలి కరెంటు పెరిగేకొద్దీ ఇలాంటివి కావాలనే వాదన కాదనలేం. పైచెరువు ఎవరి పొలంలో, ఎవరి ఊటమీద అన్నదే అక్కడ జనం అడుగుతున్నారు. కొండకు ఆ పక్క బాక్సైట్, ఈ పక్క కరెంటు. మధ్యలో కొండ మీద సెల్ఫీలు.

ఇక మన ఇంటి సంగతి. ఇది రాస్తే కొందరికి నచ్చదని తెలుసు.

దేవ్‌మాలి చుట్టూ హోటళ్లు, గుడారాలు, హోమ్‌స్టేల వ్యాపారం పుంజుకుంటోంది. కోరాపుట్ జిల్లా అంతా షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 నాటి ఒడిశా రెగ్యులేషన్, దానికి 2002లో వచ్చిన సవరణ ప్రకారం ఆదివాసీ భూమి ఆదివాసేతరుడి పేరు మీదకు మారదు. ఆంధ్ర ఏజెన్సీలో 1/70 ఎలాగో ఇక్కడ ఇది అలాగ. 2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం దీన్ని సడలించి, అనుమతితో అమ్ముకోవచ్చు అనబోయింది. గొడవ రేగడంతో కొద్ది రోజుల్లోనే ఆపేసింది. ఆ కొద్ది రోజుల్లో మన పట్టణాల్లో కొన్ని దుకాణాల ముందు జరిగిన సంభాషణలు మేము విన్నాం. రోడ్డు పక్కన ఎకరం ఎంతకొస్తుంది, ఎవరి పేరు మీద పెట్టుకోవచ్చు, మన బండి డ్రైవరు ఆ కులంవాడే కదా. అరకులో ఏం జరిగిందో కళ్లముందు ఉంది. అక్కడ చట్టం గట్టిదే. అయినా రిసార్టు పేరు బోర్డు మీద ఒకరిది, డబ్బు ఇంకొకరిది, భూమి మూడోవాడిది, కూలి మాత్రం ఆ మూడోవాడిదే అన్న ఏర్పాట్లు ఏజెన్సీలో ఎవరికీ కొత్త కాదు. అదే పద్ధతి దేవ్‌మాలి కిందికి వస్తే దాన్ని తెచ్చినవాళ్లలో తెలుగువాళ్లున్నారన్న మాట యాభై ఏళ్లు పోదు. భాషాపరంగా మైనారిటీగా మనకు హక్కులు కావాలని అడిగే నోటితో, మనకంటే తక్కువ బలమున్నవాళ్ల భూమి మీద కన్నేయడం కుదరదు.

భూమి కొనకుండా వ్యాపారం చేయలేమా అంటే, చేయొచ్చు. రవాణా, సామాను సరఫరా, పట్టణంలో వసతి, కాఫీ కొనుగోలు. కోరాపుట్ కాఫీకి ఇప్పుడు పేరుంది. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ప్రాంతపు వ్యవసాయ పద్ధతిని ఎఫ్.ఎ.ఓ. 2012లోనే ప్రపంచ వారసత్వ వ్యవసాయాల్లో చేర్చింది. వాటిని న్యాయమైన ధరకు కొని విశాఖలోనో బెంగుళూరులోనో అమ్మే వ్యాపారికి కొండ మీద గుడారం అక్కర్లేదు.

కొండ మీద ఎవరు ఎంతమంది ఎక్కాలన్న విషయంలో మన పాఠకులున్న రాష్ట్రాల్లో ఇప్పటికే పాఠాలున్నాయి, కొన్ని చాలా ఖరీదైనవి. తమిళనాడు తేని జిల్లా కురంగణిలో 2018 మార్చి 11న కార్చిచ్చులో చిక్కుకుని ఇరవైమందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. ఆ తరవాత నియమాలొచ్చాయి. 2024 అక్టోబరులో ఆ ప్రభుత్వం నలభై దారులు ఎంచి, ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి, స్థానిక ఆదివాసీ యువతకే గైడు శిక్షణ ఇచ్చి మొదలుపెట్టింది. కర్ణాటకలో 2024 జనవరి చివర కుమార పర్వతం మీద వేలమంది ఒకేసారి ఎక్కిన ఫోటోలు చూసి ఉంటారు. వెంటనే ఆన్‌లైన్ బుకింగ్ లేని చోట్ల నడకలు ఆపేశారు. పాడేరు దగ్గర వంజంగి కథ మనకింకా దగ్గరిది. మబ్బుల కొండ అని పేరు పడ్డ రెండు మూడు శీతాకాలాల్లోనే ప్లాస్టిక్ సీసాల కొండ అయింది. తరవాత రుసుము పెట్టారు, శుభ్రం చేసే మనుషుల్ని పెట్టారు. పేరు రాకముందే ఆ పని చేసి ఉంటే సగం ఖర్చుతో అయ్యేది.

దేవ్‌మాలి ఇప్పుడు వంజంగికి తొలి శీతాకాలం ఉన్నచోట ఉంది. మా మటుకు మాకు తోచిన పని ఒకటుంది. రోడ్డు ఉన్నది ఉండనీ, కానీ బళ్లను పైదాకా పోనివ్వకుండా కొండ నడుములో ఆపాలి. అక్కడి నుంచి నడక. నడవలేనివాళ్లకు, పెద్దవాళ్లకు, కింది ఊళ్ల సంఘాల జీపులు. దీనివల్ల మూడు జరుగుతాయి. పై గడ్డినేల చక్రాల కింద నలగదు. ఒక్క గంటలో వచ్చి పోయేవాళ్లు తగ్గి, అరపూట ఉండేవాళ్లు మిగులుతారు. అరపూట ఉన్నవాడు చోడి అంబలి తాగుతాడు, గైడుకు డబ్బులిస్తాడు, సంతలో పసుపు కొంటాడు. ఇప్పుడైతే వచ్చే బండి పెట్రోలు సునాబెడలో, తిండి డిక్కీలో, చెత్త కొండ మీద. రుసుము ఎంతైనా పెట్టండి, అందులో వాటా గ్రామసభ ఖాతాలోకి పోవాలి, జిల్లా కేంద్రంలోని ఖాతాకు కాదు. కొండెక్కేవాళ్లు తగ్గిపోతారని హోటళ్లవాళ్లు అంటారు. తగ్గనీండి. కల్సుబాయికి రోడ్డు లేదు, జనం తగ్గారా?

వెళ్లే మన కుటుంబాలకు కొన్ని మాటలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. పైన చలి కింద పట్టణంలో చలి లాంటిది కాదు, గాలి ఎముకల్లోకి దిగుతుంది. చిన్నపిల్లల్ని రగ్గుల్లో చుట్టి తీసుకెళ్లండి. వేసవి చివరా వానాకాలంలోనూ ఉరుము వినబడితే క్షణం ఆగకుండా దిగిపోవాలి. ఆ బోడి చదును మీద తల దాచుకునేందుకు చెట్టు లేదు, అక్కడ అందరికంటే ఎత్తయినది మీరే అవుతారు. సాలూరు నుంచి సుంకి మీదుగా వచ్చే ఘాటీలో తెల్లవారుజామున పొగమంచు ఎక్కువ, దానికి తోడు రాయపూర్ లారీలు. చీకట్లో బయల్దేరి సూర్యోదయం పట్టుకోవాలన్న తొందరే ప్రమాదం. ముందురోజు సాయంత్రానికే సిమిలిగూడో సునాబెడో చేరి పడుకోండి. రైల్లో వచ్చేవాళ్లు ఒకటి చూసుకోవాలి. అరకు లైనులో 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ అనే స్టేషను ఉంది, అది ఆంధ్రలోది. మనకు కావలసిన సిమిలిగూడ కోరాపుట్ జిల్లాది. కోరాపుట్ దాకా టిక్కెట్టు తీసుకుంటే ఈ తికమక ఉండదు.

పైన బోర్డులు ఒడియాలో, ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో కూడా పెట్టమని అడగాలన్న సూచన కొందరు పాఠకుల నుంచి వచ్చింది. అడగొచ్చు. అయితే అంతకంటే ముందు ఆ కొండ పేరు, దాని ఊటల పేర్లు, కింది ఊళ్ల పేర్లు అక్కడివాళ్లు పలికినట్టు కువిలో, దేశియాలో రాసిన బోర్డు ఒక్కటైనా ఉండాలి. దాని పక్కన తెలుగుకు చోటు అడుగుదాం.

కుందులి సంత శుక్రవారం. సిమిలిగూడ దగ్గరే. శనివారం కొండెక్కాలనుకునేవాళ్లు ఒక రోజు ముందే వస్తే, పొద్దున్నే ఆ సంతకు వెళ్లండి. అల్లం, పసుపు, చోళ్లు, సామలు, కొండచీపుర్లు, జీలుగు కల్లు అన్నీ తలమీద మోసుకుని దిగినవే. బేరం మరీ గట్టిగా ఆడొద్దు.